పిల్లలకు వాంతులు, విరేచనాలు, జ్వరం, కాలిన గాయాలు: ఇంట్లో ఎంతవరకు చూసుకోవచ్చు?

చిన్ని_అమ్మ (గుంటూరు), రాత్రి 9:40
మా బాబుకి పద్నాలుగు నెలలు, బరువు పది కిలోలు. పొద్దున్నుంచి నీళ్ల విరేచనాలు, సాయంత్రం నుంచి వాంతులు కూడా. ఏం తాగించినా రెండు నిమిషాల్లో కక్కేస్తున్నాడు. జ్వరం 101. మెడికల్ షాపులో ఓఆర్ఎస్ అడిగితే నారింజ రుచి ఉన్న టెట్రా ప్యాక్ ఇచ్చారు. మా అత్తయ్య నా పాలు ఆపేసి సగ్గుబియ్యం జావ పట్టమంటున్నారు. పక్కింటివాళ్లు విరేచనాలు కట్టే మాత్ర సగం వేయమంటున్నారు. మా డాక్టర్ గారు రేపు పదింటికి గానీ రారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఈ రాత్రికి ఆగొచ్చా, ఇప్పుడే తీసుకెళ్లాలా?

స్టాఫ్‌నర్సు (కర్నూలు), రాత్రి 9:52
చిన్ని గారూ, ముందు నాలుగు సంగతులు చూసి చెప్పండి. ఆఖరిసారి ఒంటేలు ఎప్పుడు పోశాడు? ఏడిస్తే కళ్లలో నీళ్లు వస్తున్నాయా? నోట్లో వేలు పెడితే నాలుక తడిగా ఉందా, పొడిగా అంటుకుంటోందా? కళ్లు గుంటలు పడ్డాయా? ఇంకొకటి, బొడ్డు పక్కన పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా పట్టి వదలండి. వెంటనే సర్దుకుంటే మంచిదే. మడత నెమ్మదిగా దిగితే ఒంట్లో నీరు తగ్గిపోయినట్టు, ఈ రాత్రికే ఆసుపత్రిలో చూపించాలి. పిల్లాడు మగతగా పడి ఉన్నా, పిలిస్తే సరిగ్గా పలక్కపోయినా, తాగే ఓపిక లేకపోయినా, విరేచనంలో రక్తం ఉన్నా ఇక్కడ జవాబు కోసం కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి.

చిన్ని_అమ్మ (గుంటూరు), రాత్రి 10:01
అరగంట క్రితం పోశాడు, కాస్త పసుపుగా ఉంది. ఏడిస్తే నీళ్లు వస్తున్నాయి. నాలుక తడిగానే ఉంది. చర్మం వెంటనే సర్దుకుంది. రక్తం లేదు. నీరసంగా ఉన్నాడు కానీ వాళ్ల నాన్న ఫోన్ లాక్కుంటున్నాడు.

స్టాఫ్‌నర్సు (కర్నూలు), రాత్రి 10:06
ఫోన్ లాక్కుంటున్నాడంటే నాకు సగం ధైర్యం వచ్చిందండీ. ఇప్పుడు మీ పనల్లా పోయిన నీటిని తిరిగి లోపలికి పంపడమే. వాంతి అయ్యాక పది నిమిషాలు ఏమీ పట్టకండి. తర్వాత ఓఆర్ఎస్ ఒక చిన్న చెంచా, ఒకటి రెండు నిమిషాలు ఆగి ఇంకో చెంచా. గ్లాసుతో, పాలసీసాతో ఒద్దు. దాహం మీద గటగటా తాగేస్తాడు, పొట్ట ఒక్కసారిగా నిండి మొత్తం బయటికొస్తుంది. చెంచాతో అయితే కొంచెం కక్కినా ఎక్కువ భాగం లోపలే ఉంటుంది. వార్డులో తల్లులు మొదట నమ్మరు, "చెంచాతో ఎంత పోతుందమ్మా" అంటారు. 5 మిల్లీలీటర్ల చెంచా రెండు నిమిషాలకొకటి చొప్పున గంట పడితే 150 మిల్లీలీటర్లు వెళ్లినట్టు. ఓపిక పట్టడమే కష్టం. మీరు, మీవారు వంతులేసుకోండి. వాంతులు తగ్గాక, విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు పిల్లలకి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపై పిల్లలకి 100 నుంచి 200 వరకు.

మీ పాలు ఆపకండి. అడిగినప్పుడల్లా ఇవ్వండి.

పిల్లల_డాక్టర్ (హైదరాబాద్), రాత్రి 10:20
నర్సు గారు చెప్పినదంతా సరిగ్గా ఉంది. నేను మూడు విషయాలు చేరుస్తాను.

ఆ టెట్రా ప్యాక్ పట్టకండి. అది పళ్లరసంలాంటి తీపి పానీయం. అంత చక్కెర పేగుల్లోకి వెళ్తే ఒంట్లోని నీటిని అటు లాగి విరేచనాలు ఇంకా పెంచుతుంది. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి ఒంటరిగా పోరాడిన విషయం ఇదే. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాటే వాడకూడదని ఆదేశించింది. అయినా షాపులో నోటితో "ఓఆర్ఎస్" అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెట్టేవాళ్లు ఉంటారు. "డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా" అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ అడిగి తీసుకోండి. పెద్ద ప్యాకెట్‌లో సుమారు 20.5 గ్రాముల పొడి ఉంటుంది, దాన్ని సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకి. పెద్ద ప్యాకెట్‌లోంచి కాస్త పొడి తీసి గ్లాసుడు నీళ్లలో కలపడం మాత్రం ఎప్పుడూ చేయకండి. పొడి ఎక్కువైతే ఒంట్లో ఉప్పు పెరిగి ప్రమాదం, తక్కువైతే పనిచేయదు. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి.

రెండోది జింక్. చాలామంది విరేచనాలు ఆగగానే ఆపేస్తారు. ఆరు నెలలు దాటినవాళ్లకి రోజుకి 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల పిల్లలకి 10 మిల్లీగ్రాములు, పద్నాలుగు రోజులూ ఇవ్వాలి. పేగుల లోపలి పొర త్వరగా కోలుకుంటుంది, తర్వాతి నెలల్లో మళ్లీ విరేచనాలు పట్టుకునే అవకాశమూ తగ్గుతుంది.

మూడోది ఆ "కట్టే మాత్ర". పెద్దవాళ్ల లోపెరమైడ్ చిన్నపిల్లలకి వేయకూడదు. పేగు కదలిక ఆగిపోయి పొట్ట ఉబ్బి, పిల్లాడు మగతలోకి జారిపోయే ప్రమాదం ఉంది. పక్కింటివాళ్లకి మర్యాదగా వద్దని చెప్పండి.

చిన్ని_అమ్మ (గుంటూరు), రాత్రి 10:31
షాపు మూసేశారండీ. ఇప్పుడు ప్యాకెట్ ఎలా?

స్టాఫ్‌నర్సు (కర్నూలు), రాత్రి 10:35
మీ వీధి ఆశా కార్యకర్త దగ్గర ఉంటుంది, మొహమాటపడకుండా తలుపు కొట్టండి. అది కుదిరేలోపు కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలపండి. స్పూన్ అంచుకి సమంగా గీసి కొలవాలి, గుట్టగా పోయకూడదు. ఉప్పు వేసిన పల్చటి గంజి కూడా పనికొస్తుంది. ప్యాకెట్ దొరగ్గానే దానికి మారిపోండి.

అమ్మమ్మ (తెనాలి), రాత్రి 10:48
అమ్మా చిన్నీ, మీ అత్తగారి సగ్గుబియ్యం జావతో తప్పేం లేదు, పట్టండి. పాలు ఆపడమే వద్దు. మా రోజుల్లో "కడుపు మాడిస్తే విరేచనాలు కడతాయి" అనేవారు. అట్లా మాడ్చిన పిల్లలు నెలల తరబడి కోలుకునేవాళ్లు కాదు. రేపు వాంతులు తగ్గాక మెత్తగా కలిపిన పెసరపప్పు అన్నం, అరటిపండు, పెరుగన్నం కొంచెం కొంచెంగా పెట్టు. ఇదే మాట మీ అత్తగారితో డాక్టర్ గారి చేత చెప్పించు, నువ్వు వాదించకు. రాత్రిపూట ఇంట్లో గొడవలు వద్దు తల్లీ.

మాస్టారు (పాలకొల్లు), రాత్రి 11:05
ఓఆర్ఎస్ మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో లక్షల మంది శరణార్థులు బెంగాల్‌కు వచ్చారు. బనగావ్ శిబిరంలో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపించి, రోగుల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి పడిపోయాయి. ఆయనకి 2023లో, మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆ డ్రమ్ముల దగ్గర నిలబడి పట్టింది నర్సులు మాత్రమే కాదు, చదువురాని తల్లులూ అన్నలూ. ఈ రాత్రి చిన్ని గారు చెంచాతో చేస్తున్నదీ అదే వైద్యం.

రవి (నిజామాబాద్), మర్నాడు ఉదయం 7:10
నాది జ్వరం సంగతి. మా పాపకి మూడేళ్లు, 12 కిలోలు. పోయినసారి డాక్టర్ 125 అని ఉన్న పారాసెటమాల్ సిరప్ రాసిండు, ఏడు ఎం.ఎల్. వేయమన్నడు. ఈసారి షాపాయన 250 అని ఉన్న సీసా ఇచ్చిండు, "రెండూ ఒకటే అన్నా" అన్నడు. నిజంగా ఒకటేనా?

పిల్లల_డాక్టర్ (హైదరాబాద్), ఉదయం 7:45
రవి గారూ, మందు ఒకటే కానీ చిక్కదనం వేరు. పాత లెక్కతో ఏడు మిల్లీలీటర్లు 250 సీసాలోంచి పోస్తే పాపకి రెట్టింపు మందు పడుతుంది. అడిగి మంచి పని చేశారు.

పారాసెటమాల్‌ని వయసుతో కాదు, బరువుతో లెక్కేయాలి. ఒక్కో కిలోకి ఒక మోతాదుకి 15 మిల్లీగ్రాములు. మీ పాపకి 12 కిలోలంటే 180 మిల్లీగ్రాములు. సీసా మీద "5 మిల్లీలీటర్లలో 125" అని ఉంటే 7 మిల్లీలీటర్లు, "5 మిల్లీలీటర్లలో 250" అని ఉంటే మూడున్నర. పసిపిల్లల డ్రాప్స్ ఇంకా చిక్కన, చాలావాటిలో ఒక్క మిల్లీలీటర్‌లోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. అందులోంచి ఇదే పాపకి 1.8 మిల్లీలీటర్లు చాలు. వంటింటి చెంచాతో కొలవకండి, సీసాతో వచ్చిన మూతో, సూది తీసేసిన సిరంజో వాడండి. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి, రోజుకి నాలుగు మించనక్కర్లేదు. ఎక్కువైతే దెబ్బతినేది కాలేయం, మొదట్లో పైకి ఏమీ కనపడదు. జలుబు మందుల్లోనూ పారాసెటమాల్ కలిపి ఉంటుంది, రెండూ కలిపి వేయకండి.

ఇంకో మాట. థర్మామీటర్‌లో అంకె చూసి భయపడే తల్లిదండ్రులే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. 103 ఉన్నా మందు వేశాక లేచి ఆడే పిల్ల గురించి నాకు అంత బెంగ ఉండదు. 100 ఉన్నా పాలు తాగకుండా, కళ్లు తెరవకుండా పడి ఉన్న పిల్లంటే భయం. మూడు నెలల లోపు పసికందుకి మాత్రం ఈ మాట వర్తించదు. వాళ్లకి 100.4 వచ్చిందంటే మందు వేసి చూడడం లేదు, నేరుగా ఆసుపత్రికే.

శ్రీలత (వరంగల్), ఉదయం 8:30
డాక్టర్ గారూ, మా అక్క కొడుక్కి జ్వరంతో ఫిట్స్ వచ్చినయి. ఏడాదిన్నర పిల్లోడు. కళ్లు పైకి పోయి, చేతులు కాళ్లు కొట్టుకుంటుంటే ఇంట్ల అందరూ గాబరా. ఒకరు తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టిన్రు, ఒకరు పళ్ల మధ్యన చెంచా పెట్టబోయిన్రు. రెండు మూడు నిమిషాలల్ల అదే తగ్గింది. మళ్లీ వస్తే ఏం చేయాలె?

స్టాఫ్‌నర్సు (కర్నూలు), ఉదయం 8:48
శ్రీలత గారూ, ఆ దృశ్యం చూసినవాళ్లకి ప్రాణం పోయినట్టే ఉంటుంది, అర్థం చేసుకోగలను. ఆరు నెలల నుంచి ఐదేళ్ల మధ్య జ్వరంతో ఇలా రావడం ఎక్కువగా చూస్తుంటాం. చాలావరకు ఐదు నిమిషాల లోపే దానంతటదే ఆగుతుంది, మెదడు పాడవదు.

వస్తే నేల మీద ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, చొంగ, వాంతి బయటికి జారిపోయేలా. మెడ దగ్గర గుండీలు, తాయెత్తు దారం బిగువుగా ఉంటే వదులు చేయండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు, మందు ఏదీ పెట్టకూడదు. పళ్లు విరిగి గొంతులో పడొచ్చు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. గట్టిగా అదిమి పట్టకండి. ఒకరు గోడ గడియారం చూడాలి, ఇది అందరూ మరిచిపోతారు. ఐదు నిమిషాలు దాటినా, ఆ రోజే మళ్లీ వచ్చినా, ఒంటి ఒక పక్కనే కొట్టుకున్నా, ఆగాక తెలివి రాకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి. మొదటిసారి వచ్చినప్పుడు ఆగిపోయినా సరే చూపించాలి, మెదడువాపు కాదని డాక్టర్ నిర్ధారించాలి. తాళంచెవుల వల్ల నష్టం లేదు, లాభమూ లేదు. ఆ చేతులు పిల్లాడిని పక్కకి తిప్పే పనిలో ఉంటే మేలు.

పిల్లల_డాక్టర్ (హైదరాబాద్), ఉదయం 9:05
ఒకసారి వచ్చినవాళ్లలో ముగ్గురిలో ఒకరికి మళ్లీ వచ్చే అవకాశం ఉంది. పారాసెటమాల్ ముందే వేసినా ఫిట్స్ రాకుండా ఆపలేదు, పిల్లాడికి కాస్త హాయిగా ఉండడానికే అది. మళ్లీ మళ్లీ వచ్చే పిల్లలకి ముక్కులో కొట్టే, ఫిట్స్ ఆపే మిడజోలమ్ స్ప్రే రాస్తాం, దాన్ని ఎప్పుడు ఎలా వాడాలో మీ డాక్టర్‌ని అడిగి నేర్చుకోండి. జ్వరానికి గోరువెచ్చని తడిగుడ్డతో తుడవచ్చు. చన్నీళ్లు, ఐసు వద్దు. దుప్పట్లు కప్పి చెమట పట్టించడం అసలే వద్దు.

కోనసీమ_నాన్న (అమలాపురం), ఉదయం 10:15
జ్వరం అంటే మా దగ్గర వానలు వెనకబడ్డాక డెంగీ భయం. మా వీధిలో పిల్లలకి జ్వరం తగ్గిందని స్కూలుకి పంపేస్తున్నారు.

పిల్లల_డాక్టర్ (హైదరాబాద్), ఉదయం 10:40
అక్కడే జాగ్రత్త పడాలి. డెంగీలో అసలు గండం జ్వరం దిగిపోయే రోజుల్లోనే, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో. రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోయి బీపీ పడిపోతుంది. జ్వరం తగ్గినా పిల్లాడు హుషారుగా లేడు, కడుపు నొప్పి అంటున్నాడు, వాంతులు ఆగట్లేదు, చిగుళ్లలోంచో ముక్కులోంచో రక్తం, చేతులు కాళ్లు చల్లబడ్డాయి, ఆరు గంటలుగా ఒంటేలు లేదు అంటే పరుగెత్తండి. ఈ కాలంలో జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. ఇబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ ఉన్న సిరప్‌లు త్వరగా జ్వరం దింపుతాయని వేయకండి, డెంగీ అయితే రక్తస్రావం పెరగొచ్చు. ప్లేట్‌లెట్లు ఎన్ని అని మాత్రమే అడుగుతారు, పిల్లాడు ఎంత తాగుతున్నాడు, ఎంత పోస్తున్నాడు అన్నది అంతకంటే ముఖ్యం.

శ్రీలత (వరంగల్), ఉదయం 11:20
దగ్గుకి ఏం మందు వేయొచ్చు? రాత్రంతా దగ్గుతుండు, అక్క సిరప్ తేమంటుంది.

స్టాఫ్‌నర్సు (కర్నూలు), మధ్యాహ్నం 12:02
దగ్గు సిరప్‌లు రెండేళ్ల లోపు పిల్లలకి రాయొద్దు, ఇవ్వొద్దు అని 2025లో కేంద్రం మళ్లీ హెచ్చరించింది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషపదార్థం కలిసిన సిరప్ తాగి పిల్లల కిడ్నీలు చెడిపోయి ప్రాణాలు పోయిన సమయంలోనే. ఐదేళ్ల లోపు వాళ్లకి కూడా మామూలుగా అవసరం ఉండదు. ముక్కు మూసుకుంటే సెలైన్ చుక్కలు, పాలు, గోరువెచ్చని నీళ్లు. ఏడాది దాటిన పిల్లలకి పడుకునేముందు అర చెంచా తేనె. ఏడాది లోపు తేనె నాకించకూడదు.

దగ్గు చప్పుడు కంటే ఊపిరి చూడండి. పిల్లాడు నిద్రలో ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, ఫోన్‌లో నిమిషం పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తోందో లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40. ఆ అంకె చేరినా, దాటినా న్యుమోనియా అనుమానించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పక్కటెముకల కింద గుంట పడుతున్నా, పెదాలు నీలంగా మారినా లెక్కలు వద్దు, బండెక్కండి. ఆయాసానికి పొట్ట మీద వాతలు పెట్టిన పిల్లలు ఇప్పటికీ వార్డుకి వస్తున్నారు. న్యుమోనియా తగ్గదు సరికదా, కాలిన పుండు అదనం. దయచేసి ఎవరైనా అంటే ఆపండి.

లక్ష్మి (ఒంగోలు), మధ్యాహ్నం 1:30
కాలిన గాయం అన్నారు కాబట్టి అడుగుతున్నా. మొన్న మా బంధువుల పెళ్లిలో బంతి దగ్గర నాలుగేళ్ల పాప మోచేతి మీద వేడి సాంబారు పడింది. ఒకావిడ టూత్‌పేస్ట్, ఒకాయన ఇంకు, ఇంకొకరు పెరుగు. అసలు ఏది రాయాలి?

పిల్లల_డాక్టర్ (హైదరాబాద్), మధ్యాహ్నం 2:15
ఏదీ రాయకూడదండీ. నీళ్లు, నీళ్లే. కుళాయి కింద మామూలు చన్నీళ్లు ధారగా పడేలా 20 నిమిషాలు ఉంచాలి. పిల్ల ఏడుస్తుంటే ఆ ఇరవై నిమిషాలు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, రెండు నిమిషాలకే తీసేస్తారు. మంట నుంచి తప్పించినా చర్మం లోపలి పొరల్లో వేడి ఉండిపోతుంది, బియ్యం దింపాక కూడా గిన్నెలో ఉడుకుతున్నట్టు. ఆ వేడిని లాగేయడానికే అంతసేపు. కాలి గంట అయిపోయినా, మూడు గంటల లోపు అయితే నీళ్లు పోయడం వల్ల ఉపయోగం ఉంది. ఐసు పెడితే దెబ్బతిన్న చర్మానికి రక్తం అందక గాయం లోతవుతుంది. పసిపిల్లలకి కాలిన చోట మాత్రమే నీళ్లు పోసి, మిగతా ఒంటికి పొడి గుడ్డ చుట్టండి.

గాజులు, ఉంగరం, మొలతాడు వాపు రాకముందే తీసేయాలి. తడిసిన బట్టలు విప్పండి, చర్మానికి అంటుకుపోయిన ముక్కని మాత్రం పీకకండి, చుట్టూ కత్తిరించండి. తర్వాత ఉతికిన పల్చటి నూలు గుడ్డ వదులుగా కప్పి తీసుకురండి. బొబ్బలు చిదమొద్దు. ఇంకు, పసుపు, పేస్ట్ రాసి తెస్తే గాయం ఎంత లోతో మాకు కనపడదు. అదంతా గీకి కడగాల్సి వస్తుంది, ఆ నొప్పి పిల్లకి రెండోసారి. ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, కీళ్ల మీద కాలినా, గాయం పిల్ల అరచేతి కంటే పెద్దదైనా, కరెంటు వల్ల అయినా, ఏడాది లోపు పిల్లలైనా చిన్నదేలే అనుకోవద్దు.

అమ్మమ్మ (తెనాలి), మధ్యాహ్నం 3:00
స్నానాల దగ్గర కూడా చెప్పండి నాయనా. బకెట్‌లో ముందు వేడినీళ్లు పోసి, చన్నీళ్లకని తల్లి అటు తిరిగేలోపు పిల్లలు చెయ్యి పెట్టేస్తారు, బోర్లా పడతారు. ముందు చన్నీళ్లు పోసి, తర్వాత వేడివి కలుపుకోవాలి. హీటర్ రాడ్ పెట్టిన బకెట్ ఉన్న గదికి గడియ పెట్టాల్సిందే.

సుధీర్ (డల్లాస్), సాయంత్రం 6:40
ఇండియా వచ్చినప్పుడల్లా నాకు భయం వేసేది రెండేళ్ల పిల్లల చేతిలో వేయించిన పల్లీలు, సపోటా గింజలు చూస్తే. ఐదేళ్లు దాటేదాకా పల్లీలు అలాగే ఇవ్వకండి, పొడి చేసి పెట్టండి. గొంతులో అడ్డం పడి పిల్లాడు దగ్గగలుగుతుంటే దగ్గనివ్వాలి. శబ్దం రాక, ఊపిరాడకపోతే ఏడాది లోపు బిడ్డని ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పట్టి, రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు కొట్టాలి, తిప్పి ఛాతీ మధ్యలో ఒక అరచేతి మడమతో ఐదుసార్లు నొక్కాలి. పెద్ద పిల్లలకి ముందు రెక్కల మధ్య ఐదుసార్లు కొట్టి, వెనక నిలబడి బొడ్డు పైన పిడికిలితో ఐదుసార్లు లోపలికి, పైకి గుంజాలి. వస్తువు కనిపించకుండా వేలు పెట్టి కెలికితే ఇంకా లోపలికి పోతుంది. ఇక్కడ అమెరికాలో ఉన్నవాళ్లు పిల్లలు మందులో, క్లీనరో మింగితే 1-800-222-1222కి ఫోన్ చేయండి, రాత్రీ పగలూ పలుకుతారు. కిరోసిన్ తాగితే ఏ దేశంలోనైనా సరే వాంతి చేయించకండి.

చిన్ని_అమ్మ (గుంటూరు), సాయంత్రం 7:15
పొద్దున చూపించాం, ఆసుపత్రిలో ఉంచనక్కర్లేదన్నారు, జింక్ రాశారు. అందరికీ రుణపడి ఉంటాను. మరో అనుమానం. మా ఆడపడుచు కూతురు మంచం మీంచి పడింది, నుదుటి మీద బొప్పి కట్టింది. నిద్రపోనివ్వకూడదంటారు, నిజమేనా?

స్టాఫ్‌నర్సు (కర్నూలు), సాయంత్రం 7:32
నిద్రవేళ అయితే పోనివ్వచ్చు, మధ్యలో తట్టి లేపి మామూలుగా గుర్తుపడుతోందా చూడండి. పడగానే స్పృహ తప్పినా, మళ్లీ మళ్లీ వాంతులైనా, ముక్కులోంచి చెవిలోంచి నీరు కారినా, ఒక కంటిపాప పెద్దగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే. ఏడాది లోపు పిల్లయితే ఇవేవీ లేకపోయినా ఒకసారి చూపించడం మంచిది. రెండు రోజులు గమనించండి.

రవి (నిజామాబాద్), రాత్రి 8:50
ఇప్పుడే మా గల్లీల మా అన్న కొడుకుని కుక్క పిక్క మీద పీకింది. రక్తం కారుతుంది. ఇంట్ల కారంపొడి పెడతమంటున్నరు.

స్టాఫ్‌నర్సు (కర్నూలు), రాత్రి 8:53
కారం, సున్నం ఏదీ వద్దు రవీ, కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట కడిగించండి, ఇప్పుడే. కట్టు గట్టిగా కట్టొద్దు, కుట్లు వేయించొద్దు. రక్తం వచ్చింది కాబట్టి రేబిస్ టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే సూది) కూడా వేయాలి. అది జిల్లా ఆసుపత్రిలో అడగండి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితమే. ఊళ్లో చిన్న క్లినిక్‌కి వెళ్లి టీటీ సూదితో తిరిగొచ్చేయకండి.

రవి (నిజామాబాద్), రాత్రి 9:20
కడిగినం అక్కా. బండి మీద జిల్లా ఆసుపత్రికి పోతున్నం. కుక్క మా గల్లీదే, పది రోజులు చూసి సూది వేయిద్దమని మా అన్న అంటున్నడు.

పిల్లల_డాక్టర్ (హైదరాబాద్), రాత్రి 9:24
కుక్కని గమనించండి, కానీ సూది ఆపకండి. ఈ రాత్రే మొదటిది పడాలి. చర్మంలోకి వేసే పద్ధతి అయితే తర్వాత 3, 7, 28వ రోజుల్లో, కండకి వేసే పద్ధతి అయితే 14వ రోజున ఇంకొకటి. చీటీ మీద తేదీలు రాయించుకుని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పది రోజులయ్యాక కుక్క బాగానే ఉంటే మిగతావి ఆపాలా వద్దా అన్నది అక్కడి డాక్టర్ చెబుతారు.